పటాలు దించే కాలం: ఎండు చలిలో అనంతపురం సీమలో ఆరు రోజులు

సంక్రాంతికి సున్నం వేయాలంటే గోడల మీది పటాలు దించక తప్పదు. ఏడాది పొడుగునా చూరు కింద, చేతికందని ఎత్తున ఉండే జేజినాయన, పెళ్లినాటి నాయన, అమ్మ, బడిలో వరసగా కూచున్న పిల్లలు ఆ రెండు రోజులూ నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటారు. పాత ఫోటోలకు నకళ్లు తీయాలని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల ఊళ్లకు వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి అదను దొరకదు. డిసెంబరు నడుమ మొదలుపెట్టి భోగికి ముందే ముగించాలి.

ఈ సీమలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ధనుర్మాసం వచ్చేసరికి అదీ అయిపోయి ఉంటుంది. పొద్దున చలి, మంచు. మధ్యాహ్నం 30 డిగ్రీల దగ్గర ఎండ, గాలిలో తడి లేదు. పొడి కాలం కాబట్టి ఫోటోలకు భయం లేదనుకుంటారు. సగమే నిజం. బూజు పట్టదు, రెండు ఫోటోలు ఒకదానికొకటి అతుక్కోవు, అంతవరకు మేలు. కానీ ఫోటో మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ పొర. ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసిన ఆ పదార్థం తేమ తగ్గితే ముడుచుకుంటుంది. కాగితం అంతగా ముడుచుకోదు. అందుకే పాత ఫోటో బొమ్మ వైపుకు చుట్టుకుపోతుంది. చేత్తో చదును చేయబోతే పొర పటపట పగులుతుంది. ఏ పని ఏ గంటకు చేయాలన్నది తెలిసి వెళ్లాలి.

మొదటి రోజు: అనంతపురం

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని సామాను సర్దుకోవడానికే ఈ రోజు. ఊళ్లోకి వెళ్లాక ఒక చిన్న వస్తువు తక్కువైనా పని ఆగిపోతుంది.

24 మెగాపిక్సెళ్ల కెమెరా, దగ్గరి వస్తువును స్పష్టంగా తీసే 50 లేదా 60 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు చాలు. కెమెరాను నేలవైపు చూసేలా బిగించగలిగే స్టాండు, 2 ఎల్ఈడీ దీపాలు, అరచేతి అద్దం ఒకటి, 2 మీటర్ల నల్లగుడ్డ, రంగుల తేడా సరిచూడటానికి బూడిదరంగు అట్ట, ఒక స్కేలు. పటాలు విప్పడానికి సన్నమూతి పట్టకారు, చదును మూతి స్క్రూడ్రైవరు, మెత్తని కుంచె, గాలి ఊదే రబ్బరు బుడ్డి, మందపాటి దుప్పటి. ఫోటో వెనక రాయడానికి 4బి పెన్సిలు. వీటితో పాటు గాలిలో తేమ చూపే చిన్న మీటరు తప్పకుండా ఉండాలి. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. అది 30 శాతం కంటే తక్కువ చూపిస్తున్నప్పుడు చుట్టుకుపోయిన ఫోటో జోలికి పోకూడదు.

స్కానరు తీసుకెళ్లాలా అంటే, విడి ఫోటోలు వందల్లో ఉన్న ఇంటికి మాత్రమే. కొనేముందు అందులో సీసీడీ సెన్సరు ఉందో లేదో చూడాలి, అద్దానికి కాస్త ఎడంగా ఉన్నదాన్నీ చదివేది అదే. సన్నగా, తేలికగా ఉండే సీఐఎస్ స్కానర్లు అద్దానికి అంటుకుని ఉన్నదాన్నే స్పష్టంగా చదువుతాయి. అంచు రెండు మిల్లీమీటర్లు లేచినా అక్కడ మసకే. పోస్టుకార్డు సైజు ఫోటోకు 600 డీపీఐ (అంగుళానికి అన్ని చుక్కలు), అగ్గిపెట్టెంత ఫోటోకు 1200. నలుపు తెలుపు ఫోటోనైనా రంగులోనే స్కాన్ చేయాలి, మరకల పసుపు ఎక్కడుందో తర్వాత సరిచేసేటప్పుడు తెలిసేది దానివల్లే. దాచుకునే ప్రతి, వివరాలేవీ పోని టిఫ్ రూపంలో ఉండాలి, కుదించిన జేపెగ్ పంచుకోవడానికి.

పల్లెల్లో కరెంటును నమ్ముకోకూడదు. దీపాలు బ్యాటరీతో నడిచేవి అయితే నిశ్చింత.

రెండో రోజు: ధర్మవరం

పట్టుమగ్గాల ఊరు. గుంటమగ్గం ఎందుకు గుంటలో ఉంటుందో తెలిస్తే ఫోటోల సంగతి సగం తెలిసినట్టే. నేల తడి పోగుకు అందితే పట్టు సాగుతుంది, గాలి మరీ పొడిబారితే పోగు తెగుతుంది. పట్టూ ప్రోటీనే, జెలటినూ ప్రోటీనే. రెండూ తమలో కాస్త నీటిని పట్టుకుని ఉన్నంతసేపే మెత్తగా ఉంటాయి. అయితే అతి తడి రెంటికీ చేటు: పెద్దవానకు నీళ్లు దిగిన మగ్గం గుంట ఎంత పని చెడగొడుతుందో, వానాకాలపు గోడ పటాన్ని అంత చెడగొడుతుంది.

చుట్టుకుపోయిన ఫోటోలను సాగదీసే పని ఇక్కడే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే దీనికి రెండు రాత్రులు పడుతుంది. మూతగల పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడిపి గట్టిగా పిండిన తువ్వాలు పరవాలి. దానిమీద నాలుగు గిన్నెలు బోర్లించి, వాటిపైన ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద ఫోటోలు బొమ్మ పైకి ఉండేలా. నీటి చుక్క ఫోటోకు తగలకూడదు. మూత పెట్టి అరగంటకోసారి చూడాలి. కాగితం మెత్తబడి తనంతట తానే తెరుచుకోవడానికి ఒకటి నుంచి నాలుగు గంటలు పడుతుంది. అప్పుడు తీసి రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన చదునైన పలక, దాని మీద బరువు. మర్నాడు కాగితాలు మార్చి ఇంకో రాత్రి ఉంచాలి. బరువు త్వరగా తీస్తే మధ్యాహ్నపు ఎండుగాలికి మళ్లీ చుట్టుకుంటుంది. అందరూ చేసే తప్పు ఇదే.

చేత్తో రంగులద్దిన ఫోటోలు, పొర ఇప్పటికే పగిలినవి, బూజు మచ్చలున్నవి ఈ డబ్బాలో పెట్టకూడదు. పెదవులకు ఎరుపు, చీర అంచుకు పసుపు అద్దిన పెళ్లి ఫోటోలు ఈ వైపు ఇళ్లలో ఉంటాయి. ఆ రంగు పొర పైన కూర్చుని ఉంటుంది, తడికి కదులుతుంది. వాటిని ఉన్నవి ఉన్నట్టే నకలు తీయాలి.

మూడో రోజు: పెనుకొండ, హిందూపురం, లేపాక్షి

పెనుకొండ కోటను దారిలో చూసుకుని పోవచ్చు. ఈ రోజు పని లేపాక్షిలో, హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు. కుటుంబమంతా బసవయ్య ముందు నిలబడి దిగిన ఫోటో ఈ ప్రాంతంలో దొరకని ఇల్లు తక్కువ. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిల నంది. ఫోటో ఎవరు తీసినా వెనక అదే ఉంటుంది. అందుకే పాత ఫోటో తీసిన చోటనే మళ్లీ నిలబడి తీయడం నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

పద్ధతి ఇది. పాత ఫోటోలో దగ్గరి వస్తువు ఒకటి, దూరపు వస్తువు ఒకటి ఎంచుకోవాలి: నంది మూపురం అంచు, వెనకాల కొండ మీది బండరాయి. ఫోటోలో ఆ రెండూ ఒకే గీత మీద ఉంటే, అవి అలా కలిసేదాకా పక్కకు జరగాలి. ఒక జత కుదిరాక నందికి ఇంకో పక్క రెండో జత చూడాలి. రెండూ ఒకేసారి కుదిరే చోటు ఒక్కటే ఉంటుంది, పాత కెమెరా అక్కడే ఉండింది. ఎత్తు మరచిపోకూడదు. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసి తీసే డబ్బా కెమెరాల కాలం నాటి ఫోటోను కంటి ఎత్తునుంచి తీస్తే గీతలు ఎన్నటికీ కలవవు. ఆగ్ఫా క్లిక్-3 లాంటి వాటిని మాత్రం కంటి దగ్గరే పెట్టుకుంటారు. 120 ఫిల్ము మీద 12 చదరపు బొమ్మలు వచ్చేవి. నెగటివు చదరం కదా అని అది నడుము ఎత్తున తీసిందని తేల్చేయకూడదు.

నీడ తేదీ చెబుతుంది. ఈ ఊరు ఉత్తరంగా 13.8 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 నాడు సూర్యుడు నడినెత్తికి రాకుండా దక్షిణాన 53 డిగ్రీల ఎత్తులోనే ఆగుతాడు. అయిదున్నర అడుగుల మనిషి నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరానికి 4 అడుగులకు పైగా పడుతుంది. అదే ఏప్రిల్ చివరన, మళ్లీ ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నపు నీడ కాళ్ల కిందికి చేరుతుంది. మే నుంచి జూలై దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి తిరుగుతుంది. ఫోటోలో దిక్కు తెలిస్తే చాలు, అది చలికాలపు ఫోటోనా, ఎండాకాలపుదా అన్నది చెప్పవచ్చు. ఇంట్లోవాళ్లు "పెళ్లయిన కొత్తలో" అని మాత్రమే చెప్పగలిగినప్పుడు ఈ సంగతి ఎంతో పనికొస్తుంది.

గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చే ఫోటోలకు జనం ఎక్కువ, పొద్దున్నే పోవాలి. పైకప్పు రంగుల బొమ్మల మీద ఫ్లాష్ వేయకూడదు.

నాలుగో రోజు: ఉరవకొండ, రాయదుర్గం వైపు

ఎర్రనేల దాటి నల్లరేగడిలోకి వచ్చేసరికి ఎండు చలిలోనూ పచ్చదనం కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వేసిన పప్పుశనగ నేలలో మిగిలిన పదునుతోనే పెరుగుతుంది. ఎర్రనేలల్లో చెనక్కాయ ఎప్పుడో పీకేశారు. దాని కట్టె ఇళ్ల పక్కన వాములుగా ఉంటుంది.

ఈ పయనంలో అసలైన పనిదినం ఇదే. ఇక్కడ పాత ఇళ్లు మట్టిమిద్దెలు. పైన చౌడుమట్టి పరిచిన కప్పు, మధ్యలో వెలుతురు కోసం గవాచి. ఆ గవాచి కింద ఫోటో పెట్టి తీయాలని అందరికీ అనిపిస్తుంది. ఒక మూల మండిపోతుంది, ఇంకో మూల చీకటి. దానికన్నా ఉత్తరం వైపు గడప లోపల, ఎండ నేరుగా పడని చోట నేలమీద తెల్లగుడ్డ పరిచి పని మొదలుపెట్టాలి. పొద్దున 9 నుంచి 11 దాకా వెలుతురు నిలకడగా ఉంటుంది.

పటం దించమని మనం అడగకూడదు, ఇంటివాళ్లు దించినప్పుడే అందుకోవాలి. శుక్రవారం, అమావాస్య నాడు ఆ మాటే ఎత్తకూడదు. పోయినవాళ్ల పటానికి కుంకుమబొట్టు ఉంటుంది, దండ ఉంటుంది. వాటిని తీసేది ఆ ఇంటి ఆడబిడ్డో, పెద్ద కొడుకో. మన చేయి కాదు.

విప్పే ముందు అద్దంతో సహా ఒక ఫోటో, వెనకవైపు ఒక ఫోటో తీసుకోవాలి. దుప్పటి మీద పటాన్ని బోర్లా పెట్టాలి. వెనకట్ట మీది అంటించిన కాగితంలో స్టూడియో పేరో, చట్రం కట్టినవాడి గుర్తో ఉంటే దాన్ని చింపకుండా చుట్టూ కోయాలి. చిన్న మేకుల్ని పట్టకారుతో చట్రానికి సమాంతరంగా లాగాలి. పైకి ఎగలాగితే చట్రం చీలుతుంది. మట్టి గీతలు కనిపిస్తే చెదలు. పటాన్ని వెంటనే ఇంటి బయటికి తెచ్చి, కుంచెతో మట్టి దులిపి, ఆ అట్టను కాల్చేయాలి. మిగతా ఫోటోల పక్కన దాన్ని పెట్టకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. అట్ట తీశాక ఫోటో అద్దాన్ని వదలదు. ఏదో వానాకాలంలో అద్దం లోపల చెమ్మ చేరి జెలటిన్ మెత్తబడింది, తర్వాత ఆరి అద్దానికి బంకలా పట్టుకుంది. ఎండు చలిలో అది ఇంకా గట్టిగా ఉంటుంది. చాకుతో లేపబోతే ముఖం అద్దం మీద, కాగితం చేతిలో మిగులుతాయి. హేర్ డ్రయ్యరు పెట్టి వేడి చేసేవాళ్లూ ఉన్నారు. పొర ఒక్కసారిగా పగుళ్లు పడుతుంది. దానికి మందు ఏమీ చేయకపోవడమే. అద్దంతో కలిపే నకలు తీయాలి, అద్దం పగిలి ఉన్నా సరే.

అద్దం మీదినుంచి తీసేటప్పుడు ప్రతిబింబాలు పోవాలంటే నల్లగుడ్డ నడుమ లెన్సు పట్టేంత రంధ్రం చేసి, కెమెరా ముందు తెరలా కట్టాలి. దీపాలు రెండు పక్కలా 45 డిగ్రీల కన్నా కిందికి దించాలి. కెమెరా ఫోటోకు సమాంతరంగా ఉందా అని చూడటానికి ఫోటో నడిమధ్యన అరచేతి అద్దం పెట్టి కెమెరా తెరలో చూడాలి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా తెర మధ్యలో కనిపిస్తే సమాంతరం కుదిరినట్టే. ఐఎస్ఓ 100, ఎఫ్ 8, కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే రా ఫైలు, 2 సెకన్ల టైమరు. చీకటి భాగాల్లో నీలి వెండి మెరుపు కనిపిస్తే అది మురికి కాదు, బొమ్మలోని వెండే ఆక్సీకరణ చెంది పైకి తేలింది. గుడ్డతో రుద్దితే బొమ్మే పోతుంది. దీపాల కోణం మార్చి చూస్తే మెరుపు చాలావరకు తగ్గుతుంది.

కుంకుమ, సాంబ్రాణి పొగ, దీపపు మసి పట్టిన అద్దాన్ని పొడిగుడ్డతో, తర్వాత తడి పిండిన గుడ్డతో తుడవాలి. అద్దం మీద నేరుగా నీళ్లు చల్లితే అంచునుంచి లోపలికి జారి, పాత కథే మళ్లీ మొదలవుతుంది.

చట్రం కట్టిన పటాలు రోజుకు పది, పన్నెండు మించి పెట్టుకోకూడదు. మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి (చెనక్కాయ పచ్చడి) పెడతారు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాకే మళ్లీ ఫోటో ముట్టుకోవాలి. చెనక్కాయ నూనె వేలిముద్ర జెలటిన్ మీద పడితే పోదు.

రాయదుర్గం ఫోటోలకు తేదీ కట్టడంలో ఒక సౌకర్యం ఉంది. ఆ తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. స్టూడియో ముద్రలో రాయదుర్గం పక్కన బళ్ళారి జిల్లా అని ఉంటే ఆ ముద్ర దానికి ముందుదే. ముద్రలో 6 అంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ముద్ర లేని కాగితానికి నకిలీ నోట్లు చూసే నీలికాంతి టార్చి వేయాలి. కాగితం తెల్లగా, నీలంగా వెలిగిపోతే అది 1950లదో, ఆ తర్వాతిదో, అప్పుడే ఫోటో కాగితంలో తెలుపు పెంచే రసాయనం కలపడం మొదలైంది. వెలగకపోతే మాత్రం ఏదీ తేల్చకూడదు, తర్వాత వచ్చిన కాగితాల్లోనూ అది లేనివి ఉన్నాయి.

అయిదో రోజు: గుత్తి

కోట, దానికింద ఊరు, కొంత దూరాన రైల్వే స్టేషను. మద్రాసు, బొంబాయి రైలుదారి 1871లో కలిసినప్పటినుంచి ఈ ఊరు ఆ దారి మీద ఉంది. రైల్వే ఇళ్లలో ఫోటోలు ఎక్కువ, వాటి వెనక రాతలూ ఎక్కువే. బదిలీ అయినప్పుడల్లా దిగిన వీడ్కోలు ఫోటోలో పేర్లు వరసగా రాసి ఉంటాయి.

ఈ ఊళ్లో కూర్చుని ఒక సంగతి తలుచుకోవాలి. 1876 నుంచి 1878 దాకా ధాత కరువు ఈ సీమను ఊడ్చేసింది. మద్రాసు సైన్యంలోని అధికారి విలోబీ వాలెస్ హూపర్ ఆ కరువు మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఫోటోలు నేటికీ ఉన్నాయి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఒక్కరి పేరూ లేదు, ఊరూ లేదు. ఫోటో నిలిచి మనిషి పోవడమంటే అదే. మన ఇళ్ల పటాలు ఇంకో ముప్పై ఏళ్లలో అలాగే అవుతాయి, వాటి పేర్లు తెలిసిన చివరి అవ్వ పోయిన రోజున. కాబట్టి ఈ పయనంలో కెమెరాకన్నా పెన్సిలుకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

"అవ్వా, ఈ పటంలో ఉండేది ఎవురు?" అని అడిగితే "మా జేజి" అంటుంది. అదే రాసుకుంటే మనవరాలికి అది వేరే మనిషి. ఇంటిపేరు, పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ రాయాలి. ముఖాలు అయ్యాక వెనకాల ఉన్నవాటిని అడగాలి, అక్కడే మాటలు ఊరతాయి. "అవ్వా, ఈ బాయి యాడుండేది?" అంటే నీళ్లు తోడే కపిల తోలిన ఎద్దుల పేర్లు వస్తాయి, ఏ ఏడు నీళ్లు అడుగంటాయో వస్తుంది. వాకిట్లో గొర్రు, గుంటక, ధాన్యం పాతర మీది బండ, గోడకు ఆనించిన సైకిలు, బల్ల మీద పెట్టి మరీ ఫోటో తీయించుకున్న రేడియో. ముఖాలు ఎవరింటి ముఖాలు వారివి, ఈ వెనకటి బతుకు మాత్రం ఊరందరిదీ. ముఖాల వరకు కత్తిరించి పెద్దది చేయించడం వల్ల ఎన్ని బావులు, ఎన్ని వాకిళ్లు పోయాయో లెక్కలేదు. నకలు ఎప్పుడూ నాలుగంచులూ కనపడేలా తీయాలి.

పాత మందపు కాగితం మీద పెన్సిలుతో అంచున, మెత్తగా రాయాలి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు గీతగా తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న కొత్త కాగితం పెన్సిలును పట్టదు, దాన్ని పెట్టిన కవరు మీద ముందే రాసి, తర్వాత ఫోటోను లోపల పెట్టాలి.

ఆరో రోజు: తాడిపత్రి

పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఏటి ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్లో చింతల వెంకటరమణ స్వామి గుడి పొద్దున్నే చూసుకుని, మిగిలిన రోజు రంగు ఫోటోలకు ఇవ్వాలి. 1970ల, 80ల రంగు ఫోటోలు నలుపు తెలుపు వాటికన్నా ముందే పోతున్నాయి. చీకట్లో దాచినా వాటిలో నీలిరంగు విరిగి, ఫోటో అంతా ఎర్రబారుతుంది. తాతల పటం ముందు తీయాలనిపిస్తుంది గానీ, తొందరపడాల్సింది అన్నావదినల పెళ్లి ఆల్బం గురించి.

ప్లాస్టిక్ కాగితం లేపి బంక మీద అతికించే ఆల్బమ్‌లయితే ఆ బంక గోధుమరంగు తిరిగి ఫోటో వెనక్కి ఎక్కుతుంది. సన్నని గట్టిదారం, పళ్లు శుభ్రం చేసుకునే నూలైతే ఇంకా మంచిది, ఫోటో కింద మూలనుంచి దూర్చి రంపంలా మెల్లగా కదుపుతూ రావాలి. రాకపోతే ఆపేసి పేజీతో సహా తీయాలి.

నెగటివుల డబ్బా దొరికితే మూత తీయగానే వాసన చూడాలి. వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము పాడవడం మొదలైంది. ఆ ఆవిరి పక్కవాటినీ పట్టుకుంటుంది. దాన్ని వేరే కాగితపు కవరులో పెట్టి అన్నిటికన్నా ముందు నకలు తీయాలి. అంచుల్లోని అక్షరాలు కూడా వచ్చేలా తీస్తే ఏ కంపెనీ ఫిల్మో తెలుస్తుంది. ఊటీలో తయారైన మన ఇందు ఫిల్ము పేరు కనిపిస్తే అది 1960కి ముందుది అయ్యే వీల్లేదు, ఆ కర్మాగారం సంస్థ పుట్టిందే ఆ ఏడాది.

సాయంత్రం ఫైళ్లకు పేర్లు పెట్టాలి: ఊరు, ఇల్లు, పటం సంఖ్య, ముందు లేదా వెనక. రెండు వేరువేరు డిస్కుల్లో రెండు ప్రతులు. ఇంటివాళ్లకు పెన్‌డ్రైవు ఒక్కటే ఇస్తే అది బీరువాలో మూలపడుతుంది, కాగితం మీద ముద్రించి ఇవ్వాలి. అసలు ఫోటో ఆ ఇంటిని దాటకూడదు. ఇంటివాళ్లు సరేనంటే తప్ప ఏ ముఖాన్నీ బయట పెట్టకూడదు.

చివరిగా పటాలు మళ్లీ గోడకెక్కాలి. కొత్త సున్నంలో తడి ఉంటుంది, క్షారం ఉంటుంది. పైకి ఆరినట్టు కనిపించినా నాలుగు రోజులైనా ఆగాలి. పండక్కి పటం కావాలంటే సున్నం భోగికి వారం ముందే వేయించమని చెప్పాలి. అద్దానికీ ఫోటోకూ మధ్య అంచుల్లో మందపాటి అట్ట పట్టీ పెడితే ఇంకెప్పుడూ అతుక్కోదు. చట్రం కింది రెండు మూలల వెనక సీసా బిరడా ముక్కలు అంటించాలి, గోడకూ పటానికీ మధ్య ఒక సెంటీమీటరు గాలి ఆడుతుంది. వంటింటి గోడ, మిద్దె కారే మూల, పడమటి ఎండ పడే గోడ వద్దు. నడింట్లో తూర్పు గోడకు, పాత మేకు సడలి ఉంటుంది కాబట్టి కొత్త మేకు కొట్టి, దండ వేసే ఆ ఇంటి మనిషి చేతికే పటం ఇవ్వాలి.